మందస కొండ దారిలో ఆదుకున్న పెద్దాయనకు

మొన్న ఆదివారం శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర కొండ అడవిలో నా కాలు మడత పడితే, చెయ్యి పట్టి కిందికి దించిన సవర పెద్దాయనా, మీకు వేల దండాలు. ఆ కంగారులో మీ పేరైనా అడగలేదు.

నేనూ మా చెల్లీ మహేంద్రగిరి ఎక్కాలని రాలేదు. 1,501 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో ఉంది. అక్కడ పుట్టిన మహేంద్రతనయ నది మాత్రం మన బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఆ కొండల కింద ఏదో ఒక గెడ్డ, అంటే కొండవాగు, పక్కన కాసేపు నడవాలనుకున్నాం, అంతే. గెడ్డ దాటుతూ నాచు పట్టిన రాయి మీద జారాను. చీలమండ వాచింది, చెప్పు అడుగు ఊడింది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. టెన్షన్‌తో చెల్లి ఏడ్చేసింది.

అప్పుడే మీరు అడ్డాకుల మోపుతో దిగుతున్నారు. మోపు పక్కన పెట్టి, అడ్డతీగ నార ఒలిచి, గెడ్డ నీళ్లలో తడిపి, తొడ మీద పేని తాడు చేశారు. చెప్పుకి గట్టిగా నాలుగు చుట్లు. చీలమండ దగ్గర మాత్రం వేలు దూరేంత వదులుగా కట్టి, "వాపు పెరుగుతాదమ్మా, బిగించకూడదు" అన్నారు. తర్వాత వెదురు కర్ర నరికి, కణుపులు నున్నగా చెక్కి ఇచ్చారు.

ఆటో దాకా వచ్చారు. డబ్బులిస్తే వద్దన్నారు. మోపు కోసం మళ్లీ అంత దూరం ఎక్కి ఉంటారు, అది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కాలు నయమవుతోంది పెద్దాయనా. నడవగలిగిన రోజున మీ కర్ర పట్టుకుని మీ కోసం వస్తాను.