మా తమ్ముడి కళ్లు తెల్లబడ్డాయి

మా తమ్ముడు ఆదివారం ఇంటికొచ్చాడు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగేసరికి అమ్మను పట్టుకోవడం మావల్ల కాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జూన్‌లో వాడికి పేగు మెలిక పడింది. మొదట చూపించిన చోట గ్యాస్ అని రెండు రోజులు సూదులే వేశారు. కాకినాడ చేరేసరికి పేగు నల్లబడిపోయింది. చాలావరకు తీసేయగా చిన్నపేగు 70 సెంటీమీటర్లే మిగిలింది. నోటికి ఏమీ పెట్టకూడదు. మెడ దగ్గర పెద్ద నరంలోకి ఎక్కే తెల్లటి ద్రవాహారం సంచే వాడికి అన్నం.

ఐదో వారం కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 8 దాటింది. "పసికర్లురా, పసరు పోయించండి" అని పెద్దమ్మ ఒకటే ఫోన్లు. నిజం చెప్పాలంటే నేనూ ఒక సీసా తెప్పించాను. నైట్ డ్యూటీ సిస్టర్ గారు అది చూసి తిట్టలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడదీ మన వైపే.

"వేసవిలో లాకులు మూసేస్తే కాలవ ఏమవుద్దండీ? నీళ్లు నిలిచిపోయి నాచు పట్టుద్ది. పేగులోకి తిండి దిగితేనే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని వదులుద్ది. ఐదు వారాలుగా దానికి పనే లేదు, రసం అక్కడే నిలిచిపోయింది. ఇప్పుడీ పసరు కూడా పోస్తే కాలేయం ఏం తట్టుకుంటాది?" అన్నారు.

స్కానింగ్‌లోనూ అదే కనిపించింది. పిత్తాశయంలో రాళ్లు లేవు, చిక్కటి మడ్డి.

డాక్టర్లు సోయా నూనె ఉన్న ఆ సంచి మార్చి చేపనూనె కూడా కలిసినది పెట్టారు. పులస సీజన్లో పులస దక్కకపోయినా చేపనూనె మాత్రం నరంలోకే ఎక్కింది వాడికి! గ్లూకోజ్ తగ్గించారు, ఎక్కువైతే కాలేయానికి కొవ్వు పడుతుందట. రోజంతా ఎక్కే సంచిని 14 గంటలకు కుదించారు. ముక్కు గొట్టంలోంచి గంటకు 10 ఎం.ఎల్. ఫీడ్, అంటే పేగులోకి వెళ్లే ద్రవాహారం, మొదలుపెట్టారు. విరేచనాలైతే ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం. ఆ గొట్టం దగ్గర రాత్రంతా మెలకువగా ఉన్నది సిస్టర్ గారే. చేతులు కడుక్కోనిదే నన్ను కూడా మంచం దగ్గరికి రానిచ్చేవారు కాదు.

రక్తం ఇచ్చిన కుర్రాళ్లకు, ఒకరోజు కూలి మొత్తం తెచ్చిచ్చిన కొబ్బరి ఒలుపు వాళ్లకు, రెండు నెలలు మా గేదెలకు మేత వేసిన పక్కింటి బాబాయి గారికి దండాలు. బాబాయి గారు పాల డబ్బులు కూడా లెక్కరాసి ఇచ్చారు.

బిలిరుబిన్ ఇప్పుడు 1.6. సంచి అక్కర్లేదన్నారు. నిన్న గరిటెడు మెత్తటి అన్నం తిని, మజ్జిగ ఇంకాస్త పొయ్యమన్నాడు.

సిస్టర్ గారూ, కొబ్బరి దింపు అవ్వగానే బొండాలు పంపుతాను, వద్దనకండి. ఆ సీసా ఇంకా మీ దగ్గరే ఉన్నట్టుంది, పారబోసెయ్యండి. పెద్దమ్మకు నేను చెప్పుకుంటాను.