వాయించినవాడి కాగితాలు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందని చదివాక ప్రాణం కుదుటపడింది. పిల్లాడి పరీక్షలు అయిపోగానే అందరూ ఇటు రండి, మా ఇంట్లో జాగాకి లోటు లేదు.

ఇక అసలు సంగతి. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ మీద నువ్వు విరుచుకుపడిన ఆ నాలుగు లైన్లు చదివినప్పటి నుంచీ మనసులో నీతో పోట్లాడుతూనే ఉన్నాను. పియానో ముందు ఊరికే కూర్చుని లేచిపోతే అది సంగీతమా అన్నావు. సరే, ఆ వాదన ఉండనీ. కానీ ఆ తర్వాత, "మిగతావి కూడా అంతేగా, వాయించేవాడికి తోచింది కొట్టడమేగా" అని రాశావు చూడు, అది మాత్రం నిజం కాదురా. చిన్నప్పటి నుంచి మృదంగం మీద వేళ్లు అరగదీసుకున్నవాడివి, నీకు కోపం రావడం న్యాయమే. కానీ దీనికి జవాబు కేజ్ రాతల్లో వెతికితే దొరకదు. అతని సంగీతాన్ని వాయించినవాడి కాగితాల్లో ఉంది.

ఆ వాయించినవాడు డేవిడ్ ట్యూడర్. 1926లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, మొదట ఆర్గన్ వాయించేవాడు. న్యూయార్క్ చేరాక, వేరేవాళ్లు ముట్టుకోవడానికి భయపడే పియానో రచనలు అతని చేతికి వచ్చాయి. ఫ్రెంచ్ స్వరకర్త బూలెజ్ పియానోకి రాసిన రెండో సొనాటాని అమెరికాలో మొదట వినిపించింది అతనే, 1950లో. ఆ మరుసటి ఏడాది కేజ్ నాణేలు ఎగరేసి, చైనా వాళ్ల పాత శకున గ్రంథం 'ఈ చింగ్' చూసి స్వరాలు నిర్ణయిస్తూ 'మ్యూజిక్ ఆఫ్ ఛేంజెస్' రాశాడు. అందులో లయ వేగం మాటిమాటికీ మారిపోతుంది. ట్యూడర్ ఏం చేశాడో తెలుసా? ఏ ముక్కకి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కలు కట్టి, స్టాప్‌వాచ్ పెట్టుకుని సాధన చేశాడు. ఆ లెక్కల కోసం తనకి రాని గణితం నేర్చుకున్నాడు. తాను ఏది రాసినా ట్యూడర్‌కి ఆసక్తిగా ఉండాలనే చూసుకునేవాణ్ణని కేజ్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు.

నువ్వు తిట్టిన ఆ మౌనం రచన మొదటిసారి 1952 ఆగస్టు 29న, న్యూయార్క్ రాష్ట్రంలో ఉడ్‌స్టాక్ దగ్గర మావెరిక్ హాల్లో జరిగింది. అప్పుడు కూడా ట్యూడర్ ఊరికే కూర్చోలేదు. మూడు భాగాలు, మొత్తం 4 నిమిషాల 33 సెకన్లు. భాగం మొదలైందనడానికి పియానో మూత మూశాడు, అయిపోయిందనడానికి తెరిచాడు. మధ్యలో వాచీ చూస్తూ ఖాళీ పేజీలు తిప్పాడు. ఆ రోజు ముందు పెట్టుకున్న రాతప్రతి ఇప్పుడు లేదు, పోయింది. తర్వాత ట్యూడర్ తన జ్ఞాపకం మీద దాన్ని మళ్లీ రాశాడు. 20వ శతాబ్దంలో అందరూ మాట్లాడుకున్న ఒక రచన మొదట ఎలా ఉండేదో తెలియాలంటే, రాసినవాణ్ణి కాదు, వాయించినవాణ్ణి అడగాల్సి వచ్చిందన్నమాట!

ట్యూడర్ కాగితాలు లాస్ ఏంజలెస్‌లో గెట్టీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. నా వాదనంతా వాటి మీదే నిలబడి ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. కేజ్ 1958లో ముగించిన 'కన్సర్ట్ ఫర్ పియానో అండ్ ఆర్కెస్ట్రా' అనే రచనలో పియానో భాగం ఒక్కటే 63 పేజీలు. అందులో 84 రకాల రాతలు ఉన్నాయి: గీతలు, వలయాలు, చుక్కలు, చిత్రపటాల్లాంటివి. ఎన్ని పేజీలైనా తీసుకోవచ్చు, ఏ వరసలోనైనా వాయించవచ్చు. ఇంత స్వేచ్ఛ ఇస్తే ఎవరైనా వేదికెక్కి మనోధర్మం మీద నడిపిస్తారనే అనుకుంటాం. ట్యూడర్ అలా చేయలేదు. ఆ బొమ్మల్ని కొలిచి, కొలతల్ని స్వరాలుగా, సెకన్లుగా మార్చి, తను వాయించబోయే ప్రతి ధ్వనినీ ముందే మామూలు స్వరలిపిలో రాసుకున్నాడు. వేదిక మీద ఆ రాతనే వాయించాడు. అదే రచనకి తర్వాత ఇంకో ప్రతి కూడా తయారు చేసుకున్నాడు.

'వేరియేషన్స్ 2' సంగతి నాకు ఇంకా నచ్చింది. 1961లో కేజ్ అతనికి ఇచ్చింది అవతలి వైపు కనిపించే 11 పలచటి షీట్లు. ఆరింటి మీద ఒక్కో గీత, ఐదింటి మీద ఒక్కో చుక్క. వాటిని ఒకదాని మీద ఒకటి వేసి, చుక్క నుంచి గీతల దాకా దూరాలు కొలిస్తే శ్రుతి, బలం, ధ్వని గుణం, నిడివి లాంటివి వస్తాయి. ట్యూడర్ పియానోకి మైకులు తగిలించి, తీగల్ని గీకుతూ వాయించాలనుకున్నాడు. అలాంటి వాయిద్యం ఎవరి అదుపులోనూ పూర్తిగా ఉండదు. మిల్లీమీటర్ల లెక్క అక్కడ ఎందుకు పనికొస్తుంది? అందుకని ప్రతి కొలతనీ 'సరళం' లేదా 'సంక్లిష్టం' అనే రెండు రకాల్లోకి కుదించుకున్నాడు. స్వరకర్త ఇచ్చిన నియమాన్ని తన వాయిద్యం స్వభావానికి తగ్గట్టు మళ్లీ ఆలోచించాడు. నాకు ఇది కేజ్ చేసిన పనికి ఏ మాత్రం తక్కువగా కనిపించదు. ఈ కాగితాలే లేకపోతే మనం రికార్డు విని, నీలాగే, తోచింది కొట్టాడనే అనుకునేవాళ్లం.

కేజ్ సొంత కాగితాలు ఒక్కచోట లేవు. స్వరాల ప్రతులు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో, పుస్తకాల రాతప్రతులు వెస్లియన్ యూనివర్సిటీలో, ఉత్తరాలు చికాగో పక్కన నార్త్‌వెస్టర్న్‌లో, పుట్టగొడుగుల మీద అతను పోగుచేసినదంతా శాంటా క్రూజ్‌లో ఉన్నాయి. ట్యూడర్ వాడిన ఎలక్ట్రానిక్ వాయిద్యాలు కూడా వెస్లియన్‌లోనే ఉన్నాయి.

నార్త్‌వెస్టర్న్‌లోనే షార్లట్ మూర్మన్ అనే చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాయిద్యం) కళాకారిణి ఆర్కైవ్ ఉంది. తీగ వాయిద్యానికి కేజ్ రాసిన ఒక రచనలో, తీగల మీద కాకుండా చేసే శబ్దాలకి విడిగా చోటు ఉంది. ఆవిడ అక్కడ బెలూన్లు పేల్చింది, గుడ్లు వేయించింది, పేపరు కత్తిరింపులు చదివింది. ఆవిడ వాడిన ప్రతి నిండా గుర్తులూ, రాతలూ, అతికించిన ముక్కలూ. కేజ్‌కి ఆవిడ పద్ధతి నచ్చలేదు. కానీ ఆ ప్రతిని పారేయకుండా దాచిపెట్టడం ఎంత మంచి పని! ఒకే స్వరకర్త, ఇద్దరు వాద్యకారులు, ఎవరి దారి వారిది. ఎవరిది సరైనదో నువ్వూ నేనూ కాగితాలు ముందు పెట్టుకుని వాదించుకోవచ్చు.

మన దేశానికీ ఇందులో వాటా ఉందిరోయ్. అహ్మదాబాద్ అమ్మాయి గీతా సారాభాయ్ 1946లో న్యూయార్క్ వెళ్లి కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది, బదులుగా అతనికి మన సంగీతం గురించి చెప్పింది. వచ్చేటప్పుడు రామకృష్ణ పరమహంస బోధల పుస్తకం ఇచ్చి వచ్చింది. ఆవిడ పఖావజ్, అదే మన మృదంగం లాంటి ఉత్తరాది వాయిద్యం, వాయించేది, నీకు మరీ నచ్చుతుంది. తర్వాత 1969లో ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే యంత్రంతో, స్టూడియో పెట్టాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఇంకొందరు అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. ఆ టేపులు ఏళ్ల తరబడి ఎవరికీ పట్టకుండా ఆ సంస్థ ఆర్కైవ్‌లోనే పడి ఉన్నాయి. పాల్ పర్గస్ అనే కళాకారుడు వాటిని వెతికి తీసి, 2023లో రికార్డుగా బయటికి తెచ్చాడు. మన దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతం అంత ముందే ఉందని వినగానే నా ఒళ్లు పులకరించింది.

ముందు ఒకటి విను. కేజ్, ట్యూడర్ కలిసి 1959లో తెచ్చిన రికార్డు. కేజ్ 90 చిన్న కథలు చదువుతాడు, ఒక్కో కథకి ఒక్కో నిమిషం. పెద్ద కథైతే గబగబా, చిన్నదైతే సాగదీస్తూ. ట్యూడర్ వేరే గదిలో కూర్చుని, ఇందాక చెప్పానే, ఆ పియానో భాగానికి తను రాసుకున్న రెండో ప్రతి వాయిస్తాడు. ఒకరు చేసేది ఇంకొకరికి వినపడదు. పిల్లాడికి కథలు సరదాగా ఉంటాయి, పక్కన కూర్చోబెట్టుకో. నచ్చకపోతే నచ్చలేదనే రాయి, కానీ ఎక్కడ నచ్చలేదో ఆ నిమిషం కూడా రాయి. వదినకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రఘు