కొబ్బరి ఐస్ అమ్మే ఆవిడకి కృతజ్ఞతలు

ఆవిడకి తెలుగు రాదు, ఈ పోస్టు చదవదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మేముండేది పారిస్‌లో. కాకినాడ నుంచి వచ్చిన అమ్మనీ, ఆరేళ్ళ మా బాబునీ తీసుకుని పోయిన నెల కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్‌కి చెందిన గ్వాడెలూప్ దీవులకి వెళ్ళాం. అక్కడ గ్రాండ్ తేర్ దీవికి తూర్పు కొస పాయింట్ దే షాటో. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు, గుట్ట మీద 1951లో నిలబెట్టిన పెద్ద శిలువ, ఎదురుగా లా దెజిరాద్ దీవి. ఉప్పాడ అలలు చూస్తూ పెరిగిన అమ్మ కూడా ఆ అట్లాంటిక్ హోరుకి రెండడుగులు వెనక్కి వేసింది.

గుట్ట దిగుతుంటే వాన. ఒడ్డునున్న చెట్టు కిందకి పరిగెత్తాం. దూరంగా కొబ్బరి ఐస్ అమ్మే ఆవిడ చేతులూపుతూ ఒకటే కేకలు. కొనమంటోంది కాబోలనుకుని 'తర్వాత' అన్నట్టు చెయ్యి చూపించాను. (ఆ సిగ్గు ఇంకా పోలేదు.) ఆవిడ తడుస్తూనే వచ్చి బాబుని రెక్క పుచ్చుకు బయటికి లాగింది. వాడి పిడికిట్లో ఉన్న పచ్చటి బుల్లి కాయని కొట్టి పడేసింది. చెట్టు మొదలుకి ప్రమాదమని చెప్పే ఎర్ర రంగు పట్టీ ఉందిట, మేం అటువైపు చూడనేలేదు.

అది మాన్స్‌నిలియే చెట్టు. కాయ చిట్టి యాపిల్‌లా ఉంటుంది, తియ్యటి వాసన. తింటే గొంతు వాచిపోతుంది. ఆకుల మీంచి జారిన వాన చుక్కకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. "బొంతజెముడు పాలలాగన్నమాట" అంది అమ్మ. నిజంగానే రెండూ ఒకే కుటుంబంవి.

ఐస్ అమ్మే ఆవిడ తను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ బాబు చేతుల మీద పోసి కడిగింది. కళ్ళు నులుముకోకుండా మణికట్లు వదల్లేదు. పక్కనే కారాపుకున్న కుర్రాణ్ణి అక్కడి క్రియోల్ భాషలో ఏదో గదమాయిస్తే, అతను 11 కిలోమీటర్ల దూరంలోని సేన్ ఫ్రాన్స్వాలో మందుల షాపు దాకా దింపాడు. పెట్రోలు డబ్బులు పట్టుకుంటే ఒట్టు. చివరికి ముంజేతి మీద నాలుగు ఎర్ర మచ్చలు, అంతే.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. చెక్క బక్కెట్లో ఐసు, ఉప్పు పోసి, మధ్యలో డబ్బాని చేత్తో తిప్పుతోంది. తలకి గళ్ళ గుడ్డ. దాన్ని అక్కడ 'మద్రాస్' అనే అంటారు. అమ్మ అంచు పట్టుకుని చూసి "మన లుంగీ గుడ్డేనే" అంది. నేను అనువాదం చెయ్యలేదు. ఎంత బతిమాలినా ఐసుకి మాత్రమే డబ్బులు తీసుకుంది.

కొబ్బరి ఐసమ్మే తల్లీ, నీకూ ఆ కారు అబ్బాయికీ వేల దండాలు.

జాజికాయ, దాల్చినచెక్క, నిమ్మతొక్క అని రుచి చూసే పట్టేసిన మా అమ్మ ఇంటికొచ్చి అదే ఐసు చేసింది. గడ్డ కట్టలేదు.