ఆక్సిజన్‌కూ మోతాదు రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోవిడ్ తర్వాత ఆసుపత్రులకు ఆక్సిజన్ ప్లాంట్లు, సిలిండర్లు వచ్చాయి. ఎంత ఇవ్వాలో రాసే అలవాటు మాత్రం ఇంకా రాలేదు. యాంటీబయాటిక్‌కు మిల్లీగ్రాములతో సహా రాస్తారు, ఆక్సిజన్‌ దగ్గరికొచ్చేసరికి 'పెట్టండి' అని వదిలేస్తారు. అదీ మందే కదా సార్!

తక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 95 శాతం పైన ఉండాల్సింది 90 కిందికి దిగితే ఆపైన పతనం చాలా వేగంగా ఉంటుంది. మనిషి గాబరా పడతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, పెదాలు నీలమవుతాయి. మెదడుకు పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బ మొదలవుతుంది.

ఎక్కువైతే వచ్చే ముప్పే ఎవరి లెక్కలోనూ లేదు. బీడీలతోనో, కట్టెలపొయ్యి పొగతోనో ఊపిరితిత్తులు చెడి గాలి ఆడక బాధపడే సీఓపీడీ (దీర్ఘకాలిక శ్వాస జబ్బు) రోగిని ఆదోనిలో అంబులెన్స్ ఎక్కించారనుకోండి. కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. దారిపొడవునా మాస్కుతో నిమిషానికి 10 లీటర్లు పెడితే మీటరు 99 చూపిస్తుంది, రోగి నిద్రలోకి జారుకుంటాడు. వెంట వచ్చినవాళ్లు 'నిమ్మళించింది' అనుకుంటారు. నిజానికి అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని కమ్మిన మత్తు కావచ్చు. ఆక్సిమీటర్ దాన్ని పట్టలేదు. రోగికి స్పృహ ఉంటే, చేతులు చాపి మణికట్లు పైకెత్తమంటే అరచేతులు రెపరెపా కొట్టుకుంటాయి; అదే దాని గుర్తు.

అతి ఆక్సిజన్ వల్ల ఊపిరితిత్తుల్లో గాలి సరిగా ఆడని భాగాలకూ రక్తం మళ్లుతుంది. హిమోగ్లోబిన్ మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. రెండింటివల్లా అది రక్తంలో పేరుకుంటుంది. అందుకే ఇలాంటి సీఓపీడీ రోగులకు మీటరులో 88–92 శాతం చాలు, మిగతా పెద్దవాళ్లకు 94–98. అలాగని భయపడి మాస్కు ఒక్కసారిగా లాగేయకూడదు. శాతం మునుపటికంటే కిందికి పడిపోతుంది. మెల్లగా తగ్గించాలి.

నెలలు నిండని పసికందులు ఆక్సిజన్ మీద ఉన్నంతసేపూ మీటరు 95 దాటకూడదు. దాటితే రెటీనా (కంటి లోపలి తెర) రక్తనాళాల ఎదుగుదల ఆగి, తర్వాత అడ్డదిడ్డంగా పెరిగి, రెటీనా ఊడి చూపు పోయే ప్రమాదముంది. రెండు కిలోల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజుల్లోపు కంటి పరీక్ష జరగాలి.

మా విన్నపం పెద్ద ఖర్చుది కాదు. కేస్‌షీట్‌లో మూడు గడులు ముద్రించండి: ఎంత శాతం ఉంచాలి, ఏ పరికరంతో, ఎన్ని లీటర్లు. ప్రతి అంబులెన్స్‌లో, ప్రతి సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం)లో 24, 28 శాతం వెంచురీ మాస్కులు, అంటే ఆక్సిజన్‌ను అంత శాతానికే కట్టడి చేసి ఇచ్చేవి, ఉంచండి. పసికందుల వార్డుల్లో గాలినీ ఆక్సిజన్‌నూ కలిపే బ్లెండర్లు కావాలి. మామూలు మాస్కుకు 5 లీటర్లకంటే తక్కువ పెడితే విడిచిన గాలినే మళ్లీ పీలుస్తారు. తక్కువ చాలినప్పుడు ముక్కు గొట్టాలతో 1–4 లీటర్లు ఇవ్వాలని సిబ్బందికి శిక్షణలో చేయించి చూపాలి.

బీ టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లుంటుంది. నిమిషానికి 10 చొప్పున రెండున్నర గంటలు, 2 చొప్పున పన్నెండు గంటల పైమాట. ఆర్థిక శాఖ అడిగితే ఈ లెక్క చూపించండి. ముందుగా కర్నూలు, నంద్యాల జిల్లాల్లో మొదలుపెట్టినా సరే.

ఇట్లు,
ఆక్సిజన్ వార్డుల నర్సులు, వైద్యులు, కర్నూలు