గొడుగు తుంగను పామ్ అనడం వల్ల మొక్కలు ఎండిపోతున్నాయి

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో బాల్కనీ మొక్కల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అందులో ‘అంబ్రెల్లా పామ్’ అన్న పేరుతో బొమ్మ వేసిన చిన్న మొక్కకు వారానికి రెండుసార్లు నీళ్లు పోస్తే చాలనీ, కుండీ అడుగున నీరు నిలవకుండా చూసుకోవాలనీ రాశారు. నిజమైన పామ్ మొక్కలకైతే ఆ సలహా సరైనదే. కానీ బొమ్మలో ఉన్నది పామ్ కాదు, తుంగ. మన చెరువు గట్టున, పంట బోదెల్లో, వరి మడుల్లో పెరిగే తుంగకు అది స్వయానా దాయాది. తుంగను పామ్ అనుకుని పెంచితే అది ఒక్క వేసవి కూడా దాటదు. నేను ఆ పొరపాటు చేసి ఒక మొక్కను పోగొట్టుకున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాలుగేళ్ల క్రితం కడియం వైపు వెళ్లినప్పుడు అక్కడి ఒక నర్సరీలో జానెడు ఎత్తున్న ఈ మొక్కను చూసి ముచ్చటపడి కొన్నాను. సన్నని పచ్చని కాడలు, ఒక్కొక్క కాడ చివర విప్పిన గొడుగులా చుట్టూ పరుచుకున్న ఆకులు. కుండీకి అంటించిన చీటీ మీద పామ్ అనే ఉంది. అమ్మినాయన కూడా నీళ్లు ఎక్కువ పోయవద్దనే చెప్పారు. నేను అలాగే చేశాను. మార్చి నెలాఖరుకు గొడుగుల కొనలు గోధుమరంగుకు తిరిగాయి. నీరు ఎక్కువైందేమోనని ఇంకా తగ్గించాను. రోహిణి కార్తె వచ్చేసరికి కుండీలో గడ్డిపోచల కట్ట తప్ప మరేమీ మిగలలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన నేను కాడను ఒక్కసారి వేళ్ల మధ్య తిప్పి చూడలేదే అని ఇప్పటికీ బాధపడుతుంటాను. చూసి ఉంటే సంగతి అప్పుడే తెలిసిపోయేది.

గొడుగుకు కాస్త కిందుగా కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా తిప్పండి. మొదలు దగ్గర గుండ్రంగా అనిపించిన కాడే అక్కడ మూడు పలకలుగా వేలికి తగులుతుంది. గడ్డిజాతి మొక్కల్లో ఉన్నట్టు దీనికి కణుపులు ఉండవు, లోపల బోలుగానూ ఉండదు. బ్లేడుతో అడ్డంగా కోస్తే బెండులాంటి తెల్లని దవ్వ కనిపిస్తుంది. ఆ దవ్వలోని గాలి గదుల గుండానే పైనుంచి గాలి వేళ్లకు చేరుతుంది. నీటిలో మునిగి ఉన్నా ఈ మొక్క వేళ్లు కుళ్లకపోవడానికి కారణం అదే. పామ్ మొక్కకు ఆ ఏర్పాటు లేదు గనుకనే దాని కుండీలో నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. ఇక మనం ఆకులనుకునేవి నిజానికి ఆకులు కావు, పూగుత్తి కింద చక్రంలా అమరిన పుష్పపుచ్ఛాలు. ఒక్కో గొడుగులో అవి సుమారు 20 దాకా ఉంటాయి. అసలు ఆకులు కాడ మొదట్లో గోధుమరంగు తొడుగులుగా కుదించుకుపోయి ఉంటాయి.

శాస్త్రజ్ఞులు దీన్ని సైపరస్ ఇన్వాల్యుక్రేటస్ అంటారు. నర్సరీల్లోనూ పాత పుస్తకాల్లోనూ మాత్రం సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అన్న పేరే ఎక్కువగా కనిపిస్తుంది. దీని పుట్టిల్లు ఆఫ్రికా, అరేబియా ద్వీపకల్పం. నాలుగైదు అడుగులు పెరిగే రకం తోటలకూ నీటి తొట్లకూ బాగుంటుంది. బాల్కనీకి సరిపోయేది ‘గ్రాసిలిస్’ అనే పొట్టి రకం, అది దాదాపు అడుగున్నర దగ్గర ఆగిపోతుంది. ప్రాచీన ఈజిప్టు వారు రాతకు వాడిన పాపిరస్, మన ఆయుర్వేదంలోని తుంగముస్తలు, రైతును ఏడిపించే తుంగ కలుపు, ఇవన్నీ సైపరస్ కుటుంబానివే.

తుంగ అన్న మాట వినగానే మా బంధువుల్లో చాలామంది భయపడ్డారు. ఆ భయానికి కారణం నాకు బాగా తెలుసు. మా నాన్నగారు కోనసీమలో వరి పండించేవారు. గట్టున తుంగ మొలిస్తే గునపంతో లోతుగా తవ్వి, ఒకదానికొకటి దారంతో కట్టినట్టుండే నల్లని గడ్డలను ఏరి బుట్టలో వేసేవారు. ఒక్క గడ్డ మట్టిలో మిగిలినా నెల తిరక్కుండా మళ్లీ పిలక వచ్చేది. గొడుగు తుంగకు అలాంటి గొలుసు గడ్డలు లేవు. మొదట్లోనే పొట్టి దుంప వేరు పాకి, పక్కపక్కనే పిలకలు వేసి గుబురు కడుతుంది. కుండీలో ఉన్నంతకాలం అది కుండీ దాటి పోదు. కాబట్టి ‘గొడుగు తుంగ’ అని పిలవడానికి మనం వెనకాడనవసరం లేదు. ఆ పేరు వినగానే పల్లెలో పుట్టిన ఎవరికైనా దీనికి నీళ్లు కావాలని వేరే చెప్పకుండానే అర్థమవుతుంది.

పెంచడం మాటకొస్తే, చెరువు మట్టిలో మూడో వంతు ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు కలిపితే చాలు. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం వడగాలి నేరుగా కొట్టని చోటు మన వేసవికి మంచిది. చీకటి మూలలో పెడితే కాడలు సన్నబడి వాలిపోతాయి. ముదిరి పసుపు తిరిగిన కాడలను మొదలంటా కత్తిరిస్తే అడుగునుంచి కొత్తవి వస్తాయి. గాలి మరీ పొడిగా ఉన్న రోజుల్లో ఎర్రనల్లి పడుతుంది. సాయంత్రం గొడుగుల అడుగుభాగాన గట్టిగా నీళ్లు చిమ్మితే చాలావరకు పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నీటి సంగతి. దాన్ని కాస్త విడమరిచి చెప్పవలసి ఉంది. మొదటి మొక్క పోయాక రెండోది తెచ్చినప్పుడు, ఇది తుంగ అని తెలుసుకున్నాను కనుక కుండీ కింద లోతైన పళ్లెం పెట్టి నిండా నీళ్లు పోశాను. మొక్క అద్భుతంగా పెరిగింది. కానీ శ్రావణమాసంలో మా వీధికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఆ పళ్లెంలోకి టార్చిలైటు వేసి చూపించేవరకు, అందులో దోమ లార్వాలు తలకిందులుగా వేలాడుతున్న సంగతి నేను గమనించలేదు. డెంగ్యూను మోసే ఈడిస్ దోమకు మురికి నీటితో పనిలేదు, మన ఇంట్లో మనం పోసిన తేటనీరే దానికి కావాలి. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వానాకాలంలో వారం పది రోజులు చాలు. పైగా అది గుడ్లను నీటి అంచుకు కాస్త పైన పళ్లెం గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి ఎండిన గోడను అంటుకుని నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే దోమల నివారణకు ఇళ్లలో నిల్వ నీటిని ఖాళీ చేసే శుక్రవారం డ్రై డే నాడు నీళ్లు పారబోయడంతో సరిపెట్టకుండా, పళ్లెం లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నవారు అసలు పళ్లెం పద్ధతి మానేసి, నేను మూడేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని ప్రయత్నించవచ్చు. అడుగున రంధ్రం లేని వెడల్పాటి కుండీ తీసుకుని, మొక్కను మట్టితో సహా అందులో నాటి, పైన రెండంగుళాల మందాన ముతక ఇసుక పరచాలి. నీరు ఇసుక మట్టానికి కాస్త కిందనే ఉండేలా పోసుకోవాలి. వేలు గుచ్చితే నీరు తగలాలి, కంటికి మాత్రం కనిపించకూడదు. అలా ఉంటే దోమ గుడ్లు పెట్టడానికి పైన నీటి మట్టమే ఉండదు. బ్రెజిల్ దేశంలో డెంగ్యూ నివారణ ప్రచారంలో కూడా కుండీల కింది పళ్లేలను అంచువరకు ఇసుకతో నింపమనే చెబుతారు. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. రంధ్రం లేదు కనుక బోరు నీటిలోని ఉప్పు లోపలే పేరుకుని, ఇసుక మీద తెల్లని పొరగా తేలుతుంది. నీళ్లున్నా గొడుగు కొనలు మాడుతున్నాయంటే కారణం చాలాసార్లు అదే. నెలకోసారి కుండీ నిండా నీళ్లు పోసి, ఓ పక్కకు వంచి వార్చేయాలి. వాన నీరు పట్టి పోయగలిగితే అంతకన్నా మంచిది లేదు.

కొత్త మొక్క కోసం మళ్లీ నర్సరీకి వెళ్లనవసరం లేదు. ఏపుగా ఉన్న ఒక గొడుగును రెండంగుళాల కాడతో కత్తిరించి, ఆకులను సగానికి తుంచి, గ్లాసెడు నీటిలో తలకిందులుగా వేయాలి. రెండు మూడు వారాల్లో గొడుగు నడిబొడ్డున తెల్లని వేళ్లు దారపు పోగుల్లా దిగుతాయి, వాటి పక్కనే సూదిమొనలంత పచ్చని మొలకలు పైకి లేస్తాయి. నీటి ఒడ్డున పెరిగే మొక్కలోనూ జరిగేది ఇదే. బరువెక్కిన కాడ వంగి, గొడుగు నీటిని తాకిన చోట పిల్లమొక్క పుడుతుంది. నా పాత విద్యార్థుల ఇళ్లలో ఇప్పుడున్న గొడుగు తుంగలన్నీ ఇలా మా ఇంటి గ్లాసులో పుట్టినవే. గ్లాసులోని నీటిని మాత్రం మూడు రోజులకోసారి మార్చాలి.

ఇంత తేలికగా పెరిగే మొక్క కాబట్టే ఒక హెచ్చరిక కూడా అవసరం. గుబురు పెరిగిపోయిందని విడదీసిన పిలకలను, కత్తిరించిన గొడుగులను దయచేసి ఎవరూ కాలువలోనో చెరువులోనో వేయకండి. ఆస్ట్రేలియాలో ఈ మొక్క తోటలు దాటి వాగుల వెంట కలుపుగా మారింది. అందం కోసం తెచ్చుకున్న గుర్రపుడెక్క మన గోదావరి డెల్టా కాలువలను ఎలా కమ్మేసిందో, దాన్ని తీయించడానికి ఎంత శ్రమపడవలసి వస్తోందో మనం చూస్తూనే ఉన్నాం. తీసేసిన భాగాలను డాబా మీద పూర్తిగా ఎండబెట్టి, ఆ తర్వాతే ఎరువు గుంతలో వేయడం మంచిది. ఇది పిల్లులకు హాని చేయదు, అవి ఇష్టంగా కొరుకుతాయి. పిల్లి ఉన్న ఇళ్లలో కుండీని కాస్త ఎత్తున పెట్టుకోవలసి ఉంటుంది.

మీ వ్యాసం రాసినవారి శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదు, మిగతా మొక్కల గురించి చెప్పినవన్నీ ఉపయోగపడేవే. నర్సరీ చీటీల మీద ఉన్న పేరే ఆ వ్యాసంలోకీ వచ్చింది. పత్రికలో అచ్చయిన పేరును పాఠకులు నమ్ముతారు కనుక, వచ్చే అనుబంధంలో ఇది పామ్ కాదనీ, తుంగ అనీ, దీని వేరు ఎప్పుడూ తడిలోనే ఉండాలనీ, ఆ తడిలో దోమలు పుట్టకుండా పైన ఇసుక పరచాలనీ మూడు నాలుగు వాక్యాలతో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ వ్యాసం చదివి ఈ మొక్కను కొన్నవారు ఇప్పటికే నీళ్లు తగ్గించి ఉంటారు. ఎండలు ముదరకముందే వారికి ఈ సంగతి చేరితే ఆ మొక్కలు బతుకుతాయి.

భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
రాజమహేంద్రవరం.