టార్చి పట్టిన వేటగాడు

సిరోంచ తాలూకా, మహారాష్ట్ర,
నవంబరు 9, ఆదివారం రాత్రి

ఒరేయ్ సత్తిగా,

తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైందని నాకూ తెలుసు. సగం రాసిన జవాబు ఒకటి నిజంగానే ఉంది. దాని వెనక ఎరువుల లెక్కలు రాసుకున్నాను, అందుకే పంపలేకపోయాను. అయినా మే నెలలో సరస్వతీ పుష్కరాలకి కాళేశ్వరం దాకా వచ్చి, వంతెన దాటి ఇవతలికి రాని మనిషివి నువ్వు. ఆలస్యం గురించి నువ్వు నన్ను అడగకూడదు. సరికి సరి. పూర్ణవిరామ్. (మన మరాఠీ సార్ గొంతుతో చదువుకో, చాక్‌పీసు విసిరినట్టు కూడా అనుకో.)

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలు అలాగే ఉంది. చిన్నది ఒకటో తరగతిలో చేరింది, ఇప్పుడు నన్ను మరాఠీలో తిడుతోంది. పత్తి పరవాలేదు. బైకు అమ్మేశాను, ఎందుకో తర్వాత చెప్తాను. మీ అన్న కనిపించాడు, బాగానే ఉన్నాడు, లావయ్యాడు.

ఇక అసలు సంగతి. నేను పంది వేటకి వెళ్ళానురా.

నవ్వుతున్నావని తెలుసు. కోడి మెడ కోస్తుంటే గోడ వైపు తిరిగి నిలబడేవాణ్ణని నీకు గుర్తుంటుంది. ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నది కూడా అందుకే. ఫోన్‌లో అయితే నువ్వు మొదటి మాట దగ్గరే నవ్వడం మొదలుపెట్టి చివరిదాకా విననివ్వవు.

వాగు పక్క మడి గుర్తుందా, మనం బీడీకట్ట దాచిన చింతచెట్టు దగ్గరిది? అక్టోబరు మొదట్లో వరి పాలు పోసుకుంటోంది. ఒకరోజు పొద్దున వెళ్ళి చూస్తే మడి మధ్యలో ఎవరో పెళ్ళిపందిరి వేసి పీకేసినట్టుంది. తిన్నది తక్కువ, పొర్లింది ఎక్కువ. కంకులు నమిలి పిప్పి ఉమ్మేసి పోయాయి. గట్టు కూడా ముట్టెలతో తవ్వేశాయి, నీళ్ళన్నీ కింది మడిలోకి పోయాయి. కింది మడి ఆయన పందుల మీద కోపమంతా నా మీద చూపించాడు.

అప్పటికే చేయని పని లేదు. పాత చీరలు చుట్టూ కట్టాం. మంగలి షాపు నుంచి బస్తాడు వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం, వాసన చూస్తే ముక్కులోకి పోతాయని. రాత్రంతా డబ్బాలు కొట్టాం. రెండు రోజులు భయపడ్డాయి. మూడో రోజు అమ్మ పెళ్ళిచీర లాగి దానిమీదే పడుకుని వెళ్ళాయి. అమ్మ ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుని ఏడుస్తోంది, వరి సంగతి ఎత్తదు.

మా మామ ఒక్క మాటలో తేల్చేశాడు: "నాలుగు కట్టెలు, ఒక ఇనుప తీగ, మోటారు కరెంటు. ఒక్క రాత్రి పని అల్లుడూ."

నిజం చెప్పనా, ఒక పూట ఆలోచించాను. తీగ చుట్ట ఇంట్లోనే ఉంది. చేత్తో పట్టుకుని కూడా చూశాను. అప్పుడు ఇలాంటి తీగే తగిలి పోయిన మీ వీధి చివరి ఇంటాయన గుర్తొచ్చాడు. ఆ పొద్దున పొలంలోకి పరిగెత్తిన వాళ్ళలో మనమిద్దరం ముందున్నాం కదా. ఆయన చెంబు ఇంకా చేతిలోనే... సరే వద్దు. తీగ మళ్ళీ అటక మీద పెట్టేశాను.

చేస్తే చట్టప్రకారమే చేద్దామనుకుని ఫారెస్టు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఒక కుర్ర గార్డు ఉన్నాడు, మరాఠీ పిల్లాడు. మన తెలుగు మరాఠీ వింటే వాడికి నవ్వు ఆగదు. కానీ ఓపికగా చెప్పాడు. మన తాతల కాలంలో వేటకి లైసెన్సు ఇచ్చేవాళ్ళు చూడు, అది 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టాన్ని 1991లో మార్చినప్పుడు పోయిందట. ఇప్పుడు సరదా వేట అన్నది లేదు. పంది పంటని పాడుచేస్తోందని తేలితే, 11వ సెక్షను కింద, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు గానీ, కారణం చూపించి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. ఆ చట్టంలో జంతువుల జాబితాలుంటాయి, షెడ్యూళ్ళంటారు. అడవిపంది ఇంతకుముందు మూడో షెడ్యూల్లో ఉండేదట. 2022లో చట్టం మార్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి రెండో షెడ్యూల్లోకి ఎక్కింది. మనం పదో తరగతి గట్టెక్కడానికి ఎన్ని తిప్పలు పడ్డామో, పంది మాత్రం కూర్చున్న చోటే ప్రమోషను కొట్టింది.

అనుమతి లేకుండా చంపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేకపోతే రెండూ. చంపడం ఒక్కటే కాదు. విషం పెట్టినా, ఉచ్చు వేసినా, ఎర పెట్టినా, తరిమినా వేటేనట. అలా చేయబోయినా వేటే.

"తరిమినా?" అన్నాను. నా గుండె జారింది. నెలరోజులుగా డబ్బాలు కొట్టింది ఎవరు మరి?

గార్డు పగలబడి నవ్వాడు. "మీ పొలంలోంచి వెళ్ళగొడితే ఎవరూ అడగరు కాకా. డప్పులు పట్టుకుని అడవిలోకి దిగితే అడుగుతారు."

కాకా అన్నాడురా నన్ను, బాబాయి అని! అసలు దెబ్బ అది. ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాను.

తర్వాత కాగితాల యాత్ర. సాత్‌బారా, అదే పొలం పత్రం, తీశాను, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) కోసం రెండు రోజులు తిరిగాను, పాడైన మడి ఫోటోలు ప్రింటు తీయించాను, అర్జీ మరాఠీలో రాశాను. పూర్ణవిరామాలు అన్నీ సరిగ్గా పెట్టాను, సార్ చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. కాగితం చేతికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. పందులు ఈలోగా ఇంకో మూల తినేశాయి. వాటికి అర్జీ అక్కర్లేదు. కాగితంలో మా సర్వే నెంబరు వేసి, 2 పందులు, 15 రోజులు, పొలం హద్దులోనే అని రాసి ఉంది. దెబ్బ తగిలి అడవిలోకి పారిపోతే వెంటపడొద్దు, మాకు చెప్పండి అని గార్డు రెండుసార్లు చెప్పాడు.

సరే, అనుమతి వచ్చింది. తుపాకి ఏది?

తాత భర్మార్ తుపాకి గుర్తుందిగా, దూలానికి వేలాడేది, నువ్వు గొట్టంలో కంకరరాయి వేస్తే తాత నిన్ను ఊరంతా తరిమాడు? తాత పోయాక నాన్న దాన్ని స్టేషనులో అప్పజెప్పాడు. పంటకాపలా కోసం అలాంటి, గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని ఆయుధాల చట్టంలోనే ఉందట, 1959 నాటిది. కానీ లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. తాతది తాతతోనే పోయింది. నాకు కావాలంటే కలెక్టరాఫీసులో కొత్తగా అర్జీ పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి. మన గడ్చిరోలి జిల్లాలో తుపాకి కావాలని అర్జీ పెట్టడమంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. అదంతా అయ్యేసరికి వరి కాదు, వచ్చే ఏడు వరి కూడా అయిపోతుంది.

అప్పుడు మామ అహేరి వైపు నుంచి ఒక పెద్దాయన్ని పట్టుకొచ్చాడు. డెబ్బై దాటాయి. లైసెన్సున్న రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఆయనది. వచ్చీ రాగానే టీ కూడా తాగలేదు, "కాగితం చూపించు" అన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివాడు. సర్వే నెంబరు వేలు పెట్టి చూశాడు. తర్వాత పొలం చుట్టూ నడిచి, మంచె ఎక్కడ కట్టాలో ఆయనే చూపించాడు. పందికి చూపు మందం, ముక్కు మాత్రం మహా చురుకు, అందుకే గాలి దాని వైపు నుంచి మన వైపు రావాలి. పైనుంచి కిందికి పేలిస్తే తప్పిన గుండు నేలలోకి పోతుంది. గుడిసెల వైపు గొట్టం తిప్పకూడదు, పంది ఎదురుగా వచ్చి నిలబడినా సరే. తూటాలు ఎల్‌జీ రకం, లోపల లావు గుండ్లుంటాయి. పిట్టల రవ్వలతో కొడితే పంది చావదు, కోపంతో మన మీదికి వస్తుందన్నాడు.

నేను మెల్లగా అడిగాను: "కాకా, ఒక్కసారి నేను కూడా..."

"లైసెన్సుందా?"

"లేదు."

"అయితే టార్చి పట్టుకో."

నా మొదటి వేట ఇదిరా. ఏళ్ళతరబడి మనిద్దరం చింతచెట్టు కింద కట్టెపుల్లల తుపాకులతో ఆడిన వేటకి, తీరా నిజంగా సమయం వస్తే, నా చేతికి వచ్చింది టార్చిలైటు.

మొదటి రాత్రి దోమలు. రెండో రాత్రి పంది వచ్చింది, కానీ టార్చి వేస్తే తల్లి, దాని వెనక చారల చారల పిల్లలు ఐదో ఆరో, బడికి పోతున్నట్టు వరసగా. కాకా తుపాకి దించేశాడు. ఎందుకని అడగలేదు, ఆయనా చెప్పలేదు. పిల్లల్ని చూసి నాకు మాత్రం మా చిన్నదాని బడి వరస గుర్తొచ్చింది. అవి మా వరి తింటుంటే మేం పైన కూర్చుని చూశాం. చప్పరించిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

మూడో రాత్రి. చలి మొదలైంది. రెండు దాటాక వాగు వైపు బురద చప్పుడు. తర్వాత ఏమీ లేదు, చాలాసేపు. గాలి కూడా ఆగింది. నాకు గొంతులో గరగర మొదలైంది, పరీక్ష హాల్లో నీకొచ్చినట్టే. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. కాకా మోకాలితో నన్ను తాకాడు, వెలిగించమని. వెలిగించాను.

ఎంత పెద్దదో తెలుసా? దూడంత. వీపు మీద వెంట్రుకలు నిక్కి ఉన్నాయి, కోరలు తెల్లగా. లైటు వైపు తలెత్తి చూసింది. నా చెయ్యి వణికింది, లైటు జారింది. కాకా గట్టిగా ఏమీ అనలేదు, "పట్టుకో" అన్నాడంతే. మళ్ళీ దాని మీదికి తెచ్చాను. ఆ ఒక్క క్షణంలో అది ఎందుకు పారిపోలేదో నాకిప్పటికీ అర్థం కాదు. చప్పుడుకి మంచె ఊగింది.

పెద్దగా పరిగెత్తలేదు. గట్టు దగ్గరే పడింది. దగ్గరికి పోయి చూస్తే దాని ఒంటి మీదున్నది మా మడి బురదే. నోట్లో కంకి సగం ఉంది, మా వరే. ఏదో అనిపించింది, ఏమిటో చెప్పలేను. గెలిచినట్టు మాత్రం కాదు.

పొద్దునకల్లా ఊరంతా పొలంలో ఉంది. మామ అప్పటికే ఇంట్లో అల్లం వెల్లుల్లి నూరించాడు. పెద్ద గుండిగ అడిగి తెచ్చారు. కల్లుకి మనిషిని పంపారు. సగం మంది చేతుల్లో గిన్నెలు! గార్డు, ఇంకో ఇద్దరు వచ్చి పంచనామా రాశారు. ఖాళీ తూటా చూశారు. నా సంతకం, కాకా సంతకం. తర్వాత గార్డు గొయ్యి తవ్వమన్నాడు.

మామ, "గొయ్యెందుకు సాబ్?" అన్నాడు.

అనుమతి మీద చంపినా సరే, ఆ పంది ప్రభుత్వ ఆస్తట. ముక్క కూడా ముట్టుకోకూడదు. మా వరి మేసినప్పుడు ఎవరి పందీ కాదు, చచ్చాక మాత్రం సర్కారు పంది! మామ అరగంట వాదించాడు. మరాఠీలో వాదించాడు, తెలుగులో తిట్టాడు, చివరికి తల తోక సర్కారుకిచ్చి మధ్యది మాకిమ్మని బేరం కూడా ఆడాడు. గార్డు కిరసనాయిలు పోసి పూడ్పించాడు. మా కుక్క ఆ గొయ్యి దగ్గర మూడు రోజులు కూర్చుంది. ఇప్పుడు ఊళ్ళో నా పేరు ఏమిటో తెలుసా? నువ్వు అడిగినా చెప్పను, మీ అన్నని అడుగు.

నాలుగో రాత్రి మళ్ళీ పడ్డాయి. తల్లీ పిల్లలూ. పిల్లలు కొంచెం పెరిగినట్టున్నాయి కూడా. కాగితంలో ఇంకో పంది మిగిలే ఉంది, గడువు మాత్రం మొన్న అయిపోయింది. కాకాని మళ్ళీ పిలవలేదు.

బైకు ఎందుకు అమ్మానో చెప్తానన్నాను కదా. సోలారు ఝట్కా మిషను కొన్నానురా. తీగ ముట్టుకుంటే ఆగి ఆగి చిన్న దెబ్బ కొడుతుంది, చావు ఉండదు. మామ నమ్మలేదు, తీగ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆ సంగతి వేరే ఉత్తరమంత ఉంది, ఆయన ఎగిరిన ఎగురు, అన్న మాట, అప్పుడు అక్కడ ఎవరున్నారో తెలిస్తే నువ్వు

ఉండు. మిషను టిక్కు టిక్కు ఆగిపోయింది. తీగ మీద ఏదో పడ్డట్టుంది, చూసొస్తాను. రాజన్న పొద్దున్నే హైదరాబాదు బస్సు ఎక్కుతున్నాడు, దీన్ని ఇలాగే కవర్లో పెట్టి వాడి చేతికిస్తున్నాను. టార్చి ఎక్కడ పెట్టానో కనబడట్లేదు

నీ
కాకా