మాంజా కోసిన రెక్క

సంపాదకుల వారికి,

మూడేళ్ల కిందట సంక్రాంతి మర్నాడు మా డాబా మీద, వాటర్ ట్యాంకు పక్కన ఒక పావురం పడి ఉంది. ఎడమ రెక్కకు చుట్టుకున్న నైలాన్ మాంజా (గాలిపటాల దారం) ఎముక దాకా దిగిపోయింది. పశువుల డాక్టరు గారు ప్రాణం నిలిపారు గానీ, ఇక ఎగరదన్నారు. అలాంటిదాన్ని బయట వదిలితే పిల్లుల పాలే కదా! ఇంట్లోనే ఉంచుకున్నాం.

జొన్నలు, సజ్జలు, పెసలు వేస్తాం. నీళ్లు తాగేటప్పుడు కోడిలా తల పైకెత్తదు, ముక్కు ముంచి అలాగే పీల్చేస్తుంది. సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే వచ్చి నా పాదం మీద కూర్చుంటుంది. దాని పొట్ట వెచ్చగా తగులుతుంది. ఈకల పొడి, రెట్ట ఊపిరితిత్తులకు మంచివి కావు. అందుకే రోజూ తడిగుడ్డతో తుడుస్తాను, పడగ్గదిలోకి రానివ్వను. ఆయాసం ఉన్నవాళ్లు పెంచొద్దనే చెబుతాను.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే ఈ మాంజాను దేశమంతా నిషేధించింది. అయినా మా వీధిలో పండగ ముందు దొరుకుతూనే ఉంది. అధికారులు డిసెంబరులోనే దుకాణాలు తనిఖీ చేయాలి. పండగయ్యాక చెట్లకూ తీగలకూ వేలాడే దారాలు తీయించాలి. మా పావురానికి తగిలింది అలాంటిదే.

- ఒక గృహిణి, సికింద్రాబాద్